గుడివాడలో చీటీ పాట

బార్ అండ్ రెస్టారెంట్‌కి అప్పు అడిగి మచిలీపట్నంలో బ్యాంకు మెట్లు దిగుతున్న ఓ దంపతుల వెనకే మీరూ దిగుతున్నారు. రెస్టారెంట్ అన్నంతసేపూ మేనేజర్ విన్నారు, బార్ అనగానే ఫైలు మూశారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మాంసాహార హోటల్‌కి చోటుంది, మందు అమ్మే హోటల్‌కి లేదు. మామూలు అప్పు అడుగుదామంటే తాకట్టుకు ఆస్తి లేదు, హాలు అద్దెది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ ఊళ్లోనే. బ్యాంకును కన్న ఊళ్లో వాళ్లిలా వట్టి చేతులతో వెళ్తుంటే మనసు చివుక్కుమంటుంది.

పెడన, గుడ్లవల్లేరు దాటి బస్సు గుడివాడ చేరింది. మేడ మీద చీటీ ఆఫీసు. యాభై లక్షల చీటీ, యాభై మంది, నెలకు లక్ష. ఇది ఐదో పాట, ఎక్కువ లక్షలు వదులుకునేవాళ్లదే చీటీ. "పన్నెండు" అన్నారెవరో. "పదమూడు." "పద్నాలుగు." భార్య అతని మోచేయి పట్టుకుంది. "పదిహేను దాటొద్దండీ."

"పదిహేను!"

గదిలో ఎవరూ పలకలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాట అతనిదే.

చేతికొచ్చేది 35 లక్షలు. వదులుకున్న పదిహేనులో కంపెనీ కమిషన్ చీటీ మొత్తంలో 5 శాతం, అంటే రెండున్నర లక్షలు. మిగతా పన్నెండున్నర యాభై మందికీ పంచితే తలా 25 వేలు, వచ్చే వాయిదాలో తగ్గుతుంది. అతనికీ తగ్గుతుంది. కానీ ఆ పదిహేను లక్షలూ అతను ముందే కట్టేసిన వడ్డీ. ఇంకా నలభై ఐదు వాయిదాలున్నాయి, ష్యూరిటీ సంతకాలు పెట్టే వాళ్ల జీతాలూ వాటికి కట్టుబడి ఉంటాయి.

35 లక్షలతో పనవదు. 2025 బార్ విధానంలో మచిలీపట్నమంత ఊరికి లైసెన్సు ఫీజే మొదటి ఏడాదికి 55 లక్షలు.

మర్నాడు పులిగడ్డ దాటి దివిసీమలోకి. నాగాయలంకలో ఆమె అన్నయ్యకు రొయ్యల చెరువులున్నాయి, మొన్ననే పట్టుబడి అయింది.

"అప్పుగా ఇవ్వను బావా, వాటాగా పెడతాను. నేనూ, మా స్నేహితులిద్దరూ. పోతే మాదీ పోతుంది."

ఊళ్లో పుట్టే డబ్బుల్లో ఇదే మంచి డబ్బని నా నమ్మకం. అమ్మకం లేని నెలలో వాటాదారు వాయిదా అడగడు, చీటీ ఆగదు.

"హోటల్ తెరిచేది నాలుగు నెలలకి కదన్నయ్యా, అప్పటిదాకా చీటీ ఎలా కట్టడం?" అందామె.

అన్నయ్య కాగితం తీసుకుని మొదటి షరతు రాశాడు: చీటీ డబ్బులోంచి ఆరు వాయిదాలు ముందే బ్యాంకులో వేయాలి, ఫర్నిచర్ బయానా ఆ తర్వాతే.