ఎమ్మెల్యే లేని వండూర్

ఎన్నికల వేళ ఊరి ముంగిటకు వచ్చిన శాసనసభ అభ్యర్థిని తెలుగు రాష్ట్రాల ఓటరు నిలదీస్తాడు. రోడ్డు ఏమైంది, తాగునీరు ఎప్పుడిస్తారు, పట్టాల సంగతేమిటి అని అడుగుతాడు. ఆ అభ్యర్థి చెప్పేది నమ్మడం, నమ్మకపోవడం తర్వాతి మాట. అడగడానికి ఒక మనిషైతే ఎదురుగా ఉంటాడు. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, దక్షిణ అండమాన్ తీరాన ఉన్న వండూర్‌లోనూ ఈ ప్రశ్నలకు కొరత లేదు. అభ్యర్థే లేడు. అండమాన్ నికోబార్ దీవులకు శాసనసభ లేకపోవడమే అందుకు కారణం.

ఈ లోటుకు ఒక చరిత్ర ఉంది. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు ఈ దీవులను 'డి' విభాగంలో ఒంటరిగా ఉంచారు. 1956 నవంబర్ 1న అవి కేంద్రపాలిత ప్రాంతమయ్యాయి. లోక్‌సభలో సైతం తొలి పదిహేనేళ్లు రాష్ట్రపతి నామినేట్ చేసిన సభ్యుడే ఉండేవారు. వారిలో మొదటివారు నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. ఎంపీని ఓటుతో ఎన్నుకునే హక్కు ద్వీపవాసులకు 1967లో గానీ దక్కలేదు. ఆ ఎన్నికలో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్ గెలిచారు.

అంతకు ముందే, 1962లో, 14వ రాజ్యాంగ సవరణ 239ఎ అధికరణాన్ని తెచ్చింది. హిమాచల్ ప్రదేశ్, మణిపూర్, త్రిపుర, గోవా, పుదుచ్చేరిలకు శాసనసభల దారి తెరిచింది. ఆ జాబితాలో అండమాన్ పేరు లేదు. ఇక్కడ 240 అధికరణం కింద రాష్ట్రపతి జారీ చేసే రెగ్యులేషన్లే చట్టాలు. జనాభా తక్కువన్న వాదన నిలవదు. 1975లో సిక్కిం రాష్ట్రమయ్యే నాటికి అక్కడి జనాభా, 1971 లెక్కల ప్రకారం, సుమారు 2 లక్షల 10 వేలు. 2011లో ఈ దీవుల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు.

శాసనసభ ఉంటే వండూర్‌లో అభ్యర్థి ఏం మాట్లాడాల్సి వచ్చేది? 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి ఈ ఊరే ముఖద్వారం. 15 దీవులు, 281.5 చదరపు కిలోమీటర్లు దాని పరిధి. పగడపు దిబ్బలను కాపాడాలి, నిజమే. కానీ వేటకు హద్దులు గీసినప్పుడు మత్స్యకారుడికి ప్రత్యామ్నాయం ఏమిటి? 2002 మే 7న శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా సుప్రీంకోర్టు చెట్ల నరికివేతపై, ఇసుక తవ్వకంపై ఆంక్షలు విధించింది. ఇల్లు కట్టుకునేవాడికి ఇసుక ఎక్కడిది? 2004 డిసెంబర్ 26 సునామీతో దక్షిణ అండమాన్ భూమి కుంగి, లోతట్టు పొలాల్లోకి ఉప్పునీరు చేరింది. కోల్పోయిన సాగుకు బదులేమిటి? వీటిపై తుది నిర్ణయం లెఫ్టినెంట్ గవర్నర్ పాలనా యంత్రాంగానిది, కేంద్ర హోంశాఖది, కోర్టులది. 1994 రెగ్యులేషన్ ప్రకారం పంచాయతీలు ఉన్నాయి గానీ, వాటికి శాసనాధికారం లేదు. 700 కిలోమీటర్లకు పైగా పరచుకున్న దీవులన్నిటికీ కలిపి ఉన్నది ఒక్క ఎంపీ.

మరో పక్షం వాదననూ తోసిపుచ్చలేం. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ రెగ్యులేషన్ వచ్చింది ఏ శాసనసభ నుంచీ కాదు. జారవాల అడవి మీదుగా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డు భాగాన్ని మూసివేయమని సుప్రీంకోర్టు 2002లో చెప్పినా, కాన్వాయ్‌లు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ రోడ్డు మధ్య, ఉత్తర అండమాన్ వలసవాసులకు జీవనాధారం. ఓట్లు దాదాపు అన్నీ వారివే అయిన సభలో, కొన్ని వందల మంది జారవాల తరఫున ఎవరు నిలబడతారు? దీనికి జవాబు సభను నిరాకరించడం కాదు. ఆదిమజాతుల భూములను ఆ సభ పరిధికి వెలుపల ఉంచి, మిగిలిన విషయాల్లో దానికి అధికారమివ్వవచ్చు. ఢిల్లీకి 69వ సవరణ శాసనసభనిచ్చినప్పుడు భూమి, పోలీసు, శాంతిభద్రతలను మినహాయించిన పూర్వానుభవం మనకుంది.

ఢిల్లీ అధికారాల పైన, జమ్మూ కశ్మీర్ రాష్ట్ర హోదా పైన మనం ఎన్ని చర్చలైనా చేస్తాం. విశాఖ నుంచి ఓడ ఎక్కి వెళ్లి అక్కడ స్థిరపడిన మనవాళ్లు ఏ ఎమ్మెల్యేకూ ఓటు వేయలేరన్న విషయం మాత్రం మన చర్చల్లోకి రాదు. వండూర్‌కు ఏ పార్టీ అభ్యర్థి మంచివాడో చెప్పడం నా పని కాదు. అక్కడ ఒక అభ్యర్థి ఉండాలా వద్దా అన్న ప్రశ్ననైనా పార్లమెంటు చేపట్టాలని అడగడం మన పని.