హాంబర్గ్ రవాణా సమాఖ్య

జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, చుట్టుపక్కల జిల్లాల్లో బస్సులు, మెట్రో, లోకల్ రైళ్లు, రేవు పడవలన్నిటికీ ఒకే టికెట్ చెల్లేలా చేసిన సంస్థ. పొట్టిపేరు హెచ్‌వీవీ. 1965 నవంబరు 29న ఏర్పడింది. వేర్వేరు యాజమాన్యాల బళ్లకు కలిపి ఛార్జీలు, వేళలు నిర్ణయించే ఇలాంటి సమాఖ్యల్లో ప్రపంచంలో ఇదే మొదటిది.

కార్లు పెరిగి బస్సులు, రైళ్లు ఎక్కేవారు తగ్గుతున్న రోజులవి. మెట్రో నడిపే హోఖ్‌బాన్ సంస్థది ఒక టికెట్, జర్మన్ రైల్వేది ఇంకొకటి. బండి మారితే మళ్లీ కొనాల్సిందే. అందరం కలిసి ఒకే టికెట్ అమ్ముదామని హోఖ్‌బాన్ అధిపతి మాక్స్ మ్రోస్ 1960లో ప్రతిపాదించాడు. కుదరడానికి ఐదేళ్లు పట్టింది. టికెట్ అచ్చు వేయడం ఎంతసేపు? వచ్చిన డబ్బులో ఎవరి వాటా ఎంతో తేల్చుకోవడమే అసలు పని. వసూలైనదంతా ఒకచోట పోసి, ముందే ఒప్పుకున్న లెక్క ప్రకారం పంచుకునే పద్ధతితో ఆ ముడి వీడింది. ఆ ఒప్పందం వల్లే ఎల్బె నదిపై లాండుంగ్స్‌బ్రుకెన్ రేవు నుంచి ఫింకెన్‌వెర్డర్ వెళ్లే 62వ నంబరు పడవకు నేటికీ మెట్రో టికెట్టే సరిపోతుంది. తెలిసిన పర్యాటకులు నౌకావిహారానికి వేరే డబ్బు పెట్టకుండా ఇదే ఎక్కుతారు.

మొదట ఇది రవాణా సంస్థల కూటమి. 1996లో పగ్గాలు నగర, రాష్ట్ర, జిల్లా ప్రభుత్వాల చేతికి వచ్చాయి. ఏ దారిలో ఎన్ని బళ్లు తిరగాలో అవి చెబుతాయి, సంస్థలు నడుపుతాయి. 2008లో హైదరాబాద్‌కు ఏర్పాటైన ఉమ్టా అనే ప్రభుత్వ సంస్థ కూడా రవాణా సంస్థలన్నిటినీ ఒక తాటిపైకి తేవడానికి ఉద్దేశించినదే. కాకపోతే టికెట్ల గల్లాపెట్టె మాత్రం దాని చేతికి రాలేదు.

2013లో హోఖ్‌బాన్ ‘స్విచ్’ పేరుతో మెట్రో స్టేషన్ల పక్కనే అద్దె కార్లను కూడా అందుబాటులో ఉంచింది. తర్వాత ఈ సేవ ‘హెచ్‌వీవీ స్విచ్’ యాప్‌గా మారింది. అందులో టికెట్లు, అద్దె కార్లు, స్కూటర్లు ఒకేచోట దొరుకుతున్నాయి.

ఫిన్‌లాండ్‌లో దారి వేరు. హెల్సింకీలో 2016లో ‘విమ్’ అనే ప్రైవేటు యాప్ వచ్చింది. నెలకు 499 యూరోలు కడితే బస్సు, టాక్సీ, అద్దె కారు అన్నీ దొరికే పథకం పెట్టింది. తన నెలపాసులను బయటివారి చేత అమ్మించడానికి అక్కడి రవాణా సంస్థ హెచ్‌ఎస్‌ఎల్ మొదట్లో మొగ్గు చూపలేదు. టికెట్ అమ్మకాలను ఇతరులకూ తెరవాలని 2018లో చట్టమే అమల్లోకి వచ్చింది. అయినా అమ్మిన టికెట్‌పై మిగిలేది అంతంతమాత్రమే. విమ్ నడిపిన కంపెనీ 2024లో దివాలా తీసింది. హెచ్‌ఎస్‌ఎల్ సొంత యాప్‌లో టికెట్లు యథావిధిగా అమ్ముడవుతున్నాయి.