డాలర్ కనబడితే ఆగు

డాస్ కాలపు అసెంబ్లీ ప్రోగ్రాముల్లో తెరమీద పడాల్సిన చాలా వాక్యాల చివర ఒక డాలర్ గుర్తు ఉంటుంది. తెరమీద మాత్రం అది కనబడదు. డబ్బుతో దానికి పనిలేదు. మాట అయిపోయింది, ఇక ఆపమని చెప్పే గుర్తు అది.

ఆ అలవాటు డాస్ సొంతం కాదు. 1974లో కాలిఫోర్నియాలో గ్యారీ కిల్డాల్ మొదలుపెట్టిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చింది. అందులో వాక్యం చూపించే పనికి నంబరు 9, కీబోర్డు నుంచి ఒక లైను చదివే పనికి నంబరు 10. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్‌లో టిమ్ పాటర్సన్ 8086 చిప్పుకు కొత్త సిస్టమ్ రాస్తూ, పాత ప్రోగ్రాములు తేలిగ్గా మార్చుకోవచ్చని ఆ నంబర్లను అలాగే ఉంచాడు. మరుసటేడు ఆ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ కొన్నది, ఆగస్టులో అది డాస్‌గా ఐబీఎం పీసీతో బయటికొచ్చింది. కొత్తింటికి పాత గుమ్మం పట్టుకెళ్లినట్టు డాలరూ వెంట వచ్చేసింది.

పేరు అడిగి, తిరిగి చూపించే ప్రోగ్రామే తీసుకోండి. మెమరీలో చోటు కేటాయించి, మొదటి బైటులో ఎన్ని అక్షరాలకు చోటుందో రాయాలి. 20 అనుకుందాం. ప్రాసెసర్‌లోని ఏహెచ్ రిజిస్టరులో పని నంబరు 10 పెట్టి, డాస్‌ని పిలిచే ఇంట్ 21హెచ్ ఆదేశం ఇవ్వాలి. ఇంగ్లిషు పెద్దక్షరాల్లో 'రాము' అని కొట్టి ఎంటర్ నొక్కితే, రెండో బైటులో 4 పడుతుంది. ఆ తర్వాత వరసగా ఆ అక్షరాల కోడ్‌లు 82, 65, 77, 85, చివర ఎంటర్ తాలూకు 13. దానికీ ఒక గది పోతుంది కనుక 20లో పట్టేది 19 అక్షరాలే. ఇంకోటి కొడితే కుయ్యిమంటుంది.

ఇప్పుడు ఆ 4 చూసుకుని, 13 ఉన్న గదిలో డాలర్ కోడ్ 36 పెట్టాలి. మరిచిపోయారా, తొమ్మిదో నంబరు ఆగదు. రాము దాటి మెమరీలో ఏముంటే అది, నవ్వు మొహాలు, పేకముక్కల గుర్తులు, ఎక్కడో ఒక 36 తగిలేదాకా. మన మైక్రోప్రాసెసర్ ల్యాబుల్లో కూర్చున్నవాళ్లకి ఈ చెత్త బాగా పరిచయం.

ఇంకో చిక్కు, కాగితం మీద అక్షరాలు కొట్టే టెలిటైపు యంత్రాల నాటిది. అక్షరాల కోడ్‌లలో 13 అంటే అచ్చు కొట్టే బండిని ఎడమ అంచుకు లాగడం, 10 అంటే కాగితం ఒక లైను జరపడం. ఎంటర్ నొక్కినప్పుడు డాస్ మొదటిదే చేస్తుంది. రెండోది మనం చేయకపోతే, పేరు అడిగిన ప్రశ్న నెత్తినే పేరు పడుతుంది.

1983లో వచ్చిన డాస్ 2.0లో 64వ పని చేరింది. ఎన్ని అక్షరాలో చెబితే అన్నీ చూపిస్తుంది, డాలర్‌తో సహా. అయినా ల్యాబు రికార్డుల్లో తొమ్మిదే నిలిచింది. రెండు లైన్లు తక్కువ రాయాలి కదా.