తీరికవేళ పనికి రేటెంత?

క్రోషా వంకాయ చూశారా? ఊదారంగు ఊలుతో గుండ్రంగా అల్లి, లోపల దూది కూరి, పైన ఆకుపచ్చ తొడిమ కుట్టేస్తారు. టమాటా, క్యారట్, బఠానీ కాయ, పచ్చిమిరప – హస్తకళల ప్రదర్శనల్లో ఇవి పిల్లల బొమ్మలుగా అమ్ముడుపోతున్నాయి. ఇలా బొమ్మలల్లడాన్ని జపాన్ వాళ్లు అమిగురుమి అంటారు. 2000 తర్వాత అది ప్రపంచమంతా పాకింది. జనగామలో మేం నలుగురం ఆడవాళ్లం కూడా అల్లుతున్నాం. (పత్తి పండే జిల్లాలో ఉండి కూరేది పాలిస్టర్ దూది. అదే చవక, ఉతికినా ఉండకట్టదు.) అయితే వీటి ధర గురించి మా మధ్య వాదన వచ్చిన ప్రతిసారీ నాకు జపాన్ కాదు, నర్సాపురం గుర్తొస్తుంది.

కుట్లు అల్లికలంటే పెళ్లీడు ఆడపిల్ల నేర్చుకునే ముచ్చటైన విద్యగానే మన ఇళ్లలో పరిచయం. టీవీ మీద, టీపాయ్ మీద పరిచిన తెల్లటి లేసు గుడ్డ ఇల్లాలి పనితనానికి సాక్ష్యం. కానీ మన దగ్గర క్రోషా అలంకారంగా మొదలు కాలేదు, సరుకుగా మొదలైంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు దాన్ని గోదావరి డెల్టాకి తెచ్చారు. దాదాపు ఆ కాలంలోనే, 1845లో మొదలైన ఐర్లండు మహాకరువులో, అక్కడి పేద స్త్రీలకు కూడా ఇదే సూది అందింది. క్లోన్స్ అనే ఊళ్లో కాసాండ్రా హ్యాండ్ అనే మతాధికారి భార్య 1847లో ఆ పని మొదలుపెట్టింది. రెండు చోట్లా తర్కం ఒకటే: ఆడది గడప దాటక్కర్లేదు, నాలుగు డబ్బులు వస్తాయి. దయగా మొదలైన పని వ్యాపారమయ్యాక కూడా ఆ 'నాలుగు డబ్బులు' అన్న మాట మాత్రం మారలేదు.

జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు మరియా మీస్ (1931–2023) డెబ్బైల చివర్లో నర్సాపురం ప్రాంతంలో తిరిగి, 1982లో లేసు అల్లే స్త్రీల మీద పుస్తకం తెచ్చింది. లక్షకు పైగా ఆడవాళ్లు అల్లుతున్నారు, సరుకు యూరప్‌కీ ఆస్ట్రేలియాకీ పోతోంది, ఎగుమతిదారులు మేడలు కడుతున్నారు. అల్లేవాళ్లకి మాత్రం రోజంతా కూర్చున్నా రూపాయి రావడం లేదు. జనాభా లెక్కల్లో వాళ్లు శ్రామికులుగా దాదాపు కనిపించనే లేదు. ఎందుకంటే వాళ్లు 'గృహిణులు', అది 'తీరికవేళ పని'. ఇలా శ్రామికురాలిని గృహిణిగా మార్చేయడానికి మీస్ ఒక పేరు పెట్టింది. మనం గృహిణీకరణ అనుకోవచ్చు.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆపేసేది కులం గురించి ఆమె చెప్పిన సంగతి. ఈ పని మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వెళ్లిన దళిత స్త్రీలు. తర్వాత కాపు స్త్రీలు పెద్ద సంఖ్యలో చేరారు. పొలం పనికి పోయే దళిత స్త్రీకి వీళ్లకన్నా ఎక్కువ కూలి వచ్చేది. అయినా గడప దాటని గౌరవం కోసం వీళ్లు తక్కువ డబ్బుకే సూది పట్టుకున్నారు. ఘోషా మర్యాద వాళ్లకి దక్కింది, లాభం వ్యాపారికి దక్కింది.

ఇది పాతకథ అనుకోను. మాతో కలిసి అల్లే ఒకామెది మహబూబాబాద్ వైపు పల్లె. మిరపతోటలో కాయలు ఏరిన చేయి ఆమెది. "మిరపకాయ ఏరితే కూలి పడ్తది అక్కా, అల్లితే పడదు" అని నవ్వుతుంది. ఇంకొకామె భూపాలపల్లి నుంచి వచ్చింది. సింగరేణిలో భర్త షిఫ్టుకి మస్టరు ఉంది, ఓవర్‌టైముకి లెక్క ఉంది. రాత్రి పదింటికి వంటగిన్నెలు తోమి ఈమె అల్లిన క్యారట్టుకి ఏ లెక్కా లేదు. స్టాలు దగ్గర బేరమాడేవాళ్లు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే, అనే మాట ఒకటే: "ఇంట్ల కూసొని చేసేదే గదమ్మా, గింత రేటా?"

మా ప్రాంతానికి ఉచిత శ్రమ అంటే ఏమిటో తెలియక కాదు. దానికి వెట్టి అని పేరుండేది. 1940ల్లో జనగామ తాలూకా దానికి ఎదురు తిరిగింది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. పాలకుర్తి ఐలమ్మ తన పంట దొరకి దక్కనివ్వలేదు. అల్లిక పనిని వెట్టితో సమానం చేయడం నా ఉద్దేశం కాదు. ఇక్కడ కొరడా పట్టుకున్న దొర లేడు. కానీ వెట్టి చేసేవాళ్లకి తాము చేస్తున్నది పని అని తెలుసు, కాబట్టి కాదనగలిగారు. తీరిక అని పేరుపెట్టిన దాన్ని ఎవరితో కాదనాలి?

ఇంకో సంగతి కొనేవాళ్లకి చెబితే నమ్మరు. అల్లిక యంత్రాలు ఎన్నో ఉన్నాయి గానీ, అసలైన క్రోషాని అల్లి మార్కెట్టుకి పంపే యంత్రం ఇప్పటికీ లేదు. షాపులో ఎంత చవకగా దొరికినా ఆ బొమ్మని ఎక్కడో ఒక చేయి అల్లిందన్నమాటే. చవకదనం ఆ చేతి నుంచే వస్తుంది. నర్సాపురం క్రోషా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఊరి పేరుకి రక్షణ దొరికింది. గంటకి రేటెంతో ఆ గుర్తింపు చెప్పదు.

మేం ఇప్పుడు ప్రతి బొమ్మకీ కట్టే చీటీ మీద ధరతోపాటు గంటలు కూడా రాస్తున్నాం. వంకాయకి రెండు గంటలు, టమాటాకి గంటన్నర. కొందరు చదివి బేరం మానేస్తారు, కొందరు బొమ్మ అక్కడే పెట్టి వెళ్లిపోతారు. పచ్చిమిరపకాయ దగ్గరే మాకు తెగడం లేదు. చిన్నది కదా అని దానికి ఎవరూ డబ్బివ్వరు. ఆ సన్నటి కొన తిప్పడానికే ముప్పావుగంట పడుతుంది.