నాంపల్లిలో అజంతా కొండలు

కళలో వెనక్కి చూసే ప్రతి ధోరణినీ అభివృద్ధి నిరోధకమని కొట్టిపారేయడం మన విమర్శకులలో కొందరికి అలవాటు. అబిడ్స్ దాటి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు పోయి, 1930లో స్థాపితమైన మ్యూజియంలోని అజంతా ప్రతిచిత్రాలను చూసినవారికి సమస్య అంత సులభం కాదని తెలుస్తుంది.

అజంతా ఆనాడు నిజాం రాజ్యంలోనిది. 1909–11 మధ్య లేడీ హెరింగ్‌హామ్ ఆ చిత్రాలకు ప్రతులు తయారు చేయించినప్పుడు నందలాల్ బోస్, అసిత్ కుమార్ హల్దార్‌లతోపాటు హైదరాబాద్ చిత్రకారుడు సయ్యద్ అహ్మద్ కూడా పనిచేశాడు. 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యాన పురావస్తుశాఖ ఏర్పడింది. 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీలను రప్పించి శిథిలమవుతున్న చిత్రాలను కాపాడే పని చేయించారు.

ఆంగ్లేయుల చిత్రకళాశాలలు నేర్పిన ప్రకృతి దృశ్యం ఒకేచోట నిలబడి చూసే ఒక మనిషి చూపుకు లోబడి ఉంటుంది. అజంతాలో అలా కాదు. కొండ దిమ్మెలు దిమ్మెలుగా పేర్చినట్లుంటుంది. చెట్టూ రాయీ కథకు కావలసినంతవరకే ఉంటాయి. యువ చిత్రకారులు ఈ ప్రాచీన క్రమాన్ని ఆశ్రయించడం పరాయి పాలకుల పాఠాన్ని ధిక్కరించడమే.

ఐరోపాలోనూ ఇటువంటి ఉదాహరణ ఉంది. ఫ్రాన్సులో ఫ్రోండ్ తిరుగుబాటు మొదలైన 1648లోనే నికొలా పూసాన్ రోములో ఉంటూ ఫోసియన్ అంత్యయాత్రను చిత్రించాడు. చెట్లు, కట్టడాలు, మేఘాలు అన్నీ ఒక కొలతలో ఒదిగాయి. ముందుభాగాన మాత్రం అన్యాయంగా మరణశిక్ష పొందిన ఏథెన్సు నాయకుని శవాన్ని ఇద్దరు మోసుకుపోతున్నారు. వెనుక లోకం తన పని తాను చేసుకుంటోంది. ఆ ప్రశాంతత వల్లనే అన్యాయం మన గుండెకు తగులుతుంది.

ఇక్కడ మనం మరొక సత్యాన్ని మరువరాదు. గుహల గోడలను కాపాడిన ప్రభుత్వపు ఏలుబడిలోనే తెలంగాణ పల్లెల్లో వెట్టి సాగింది. 1946లో రైతులు దానిపై తిరగబడ్డారు. అంతమాత్రాన అజంతాను దొరలకు వదిలివేయాలా? 16వ గుహను దానం చేసిన వాకాటక మంత్రి వరాహదేవుని పేరు శాసనంలో నిలిచింది. రాయి తొలిచినవారి పేర్లు, రంగు నూరినవారి పేర్లు మనకు దక్కలేదు. కాని ఆ గోడల మీద ఉన్నది వారి పనితనమే.

కనుక ప్రాచీన క్రమానికి మరలిన చిత్రకారుణ్ణి అడగవలసింది ఎందుకు మరలావని కాదు. అక్కడినుంచి దాత ప్రతిష్ఠను తెచ్చావా, పనివాని నేర్పును తెచ్చావా అని అడగాలి. విద్యార్థులను నాంపల్లికి తీసుకుపోయే ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టడం మేలు.