పసిపిల్లల బడి హాజరు

మన సంఘ మహాసభలయందు విద్యాభివృద్ధినిగూర్చి తీర్మానములు చేయుట పరిపాటి. వసతిగృహములు, వేతనములు, బంగారు పతకములు – ఇవి యన్నియుఁ బెద్ద తరగతులకుఁ జేరిన వారికే. ఆఱేండ్ల పిల్లవాఁడు నేఁడు బడికి రాలేదేమని యడుగువారు తక్కువ. కావున నీ చిన్న విషయముయొక్క చరిత్రను సంగ్రహముగా వ్రాయ సాహసించితిమి.

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, బడుల వృత్తాంతము తెలుపవలసినదని జిల్లా కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. మన రాజమహేంద్రవరమునుండియు నివేదిక వెళ్ళెను. కాని బడిలోపలి నడవడిని కన్నులకుఁ గట్టినట్లు వ్రాసినవాఁడు బళ్ళారి కలెక్టరు క్యాంబెల్. తెలుఁగునకు వ్యాకరణమును నిఘంటువును గూర్చిన దొర యితఁడే. ఆయన 1823 ఆగష్టు నివేదిక ననుసరించి, బడి ప్రొద్దుట ఆఱు గంటలకే మొదలగును. అందఱికంటె ముందు వచ్చిన బాలుని యఱచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనఁగా మెప్పును లేదు, తప్పును లేదు. మూఁడవవానికి మెల్లఁగా నొక దెబ్బ, నాలవవానికి రెండు, ఆపై వచ్చిన ప్రతివానికిని ఒక్కొక్కటి హెచ్చు. సోమరులకుఁ గోదండము, గుంజిళ్ళు. హాజరుపట్టీ కాగితముమీఁదఁ గాక పిల్లవాని యఱచేతిలోనే యుండెనన్నమాట! కోదండమన్నచో ముసలివారు నేఁటికిని నవ్వుదురు. నాఁడు ఏడ్చిన సంగతి మఱచిరి కాఁబోలు.

ఆ దొరయే మఱియొక మాటయు వ్రాసెను. సీమబట్టల రాకచే నేతవారి రాఁబడి తగ్గెననియు, బీదల యిండ్లలో పిల్లల లేఁత చేతులు ఏ కొంచెపు పనికి నక్కఱకు వచ్చినను ఆ సాయము విడువఁజాలకున్నారనియు దాని తాత్పర్యము. కారణ మింటియందు, దెబ్బ పిల్లవానికి.

మన కడియము ప్రాంతమునకు వత్తము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువ నీరు పాఱిన పిమ్మట పంటలు పెరిగినవి. పంటలతోఁబాటు పనులును పెరిగినవి. ఆ దశాబ్దముననే టెయిలరు దొర ప్రోత్సాహమున నరసాపురము వైపు గ్రామముల రైతులు బడులకై పన్ను నిచ్చుట కొప్పుకొనిరి. గోదావరి మండలపు టీ పద్ధతికే 1863లో మద్రాసు ప్రభుత్వము చట్టరూప మొసఁగెను. ఇది మన డెల్టావారు గర్వింపఁదగిన విషయము. అయినను పన్ను కట్టిన యూరనైనను ఊడ్పులు, కోతలు వచ్చినచో బడి పలుచఁబడుట సహజమే. 1874లో వీరేశలింగము పంతులుగారు మన ప్రక్కనున్న ధవళేశ్వరముననే బాలికా పాఠశాల స్థాపించిరి. బాలికల విషయమున చిక్కు మఱియొకటి. తల్లి చేనికిఁ బోయిన దినమున చంటిబిడ్డ నెత్తుకొనవలసినది అక్కయే గదా.

నిర్బంధవిద్యకై గోఖలేగారు 1911లోఁ దెచ్చిన బిల్లు 1912లో వీఁగిపోయెను. 1920 మద్రాసు ప్రాథమికవిద్యా చట్టము నిర్బంధమును స్థానిక సంస్థల యిష్టమునకు విడిచెను. 1953లో రాజగోపాలాచారిగారు పిల్లలకు బడి సగము పూట చాలును, తక్కిన పూట తండ్రి వృత్తి నేర్చుకొనవలెనని యొక పథకము పెట్టిరి. మద్రాసులో 1954లో అది రద్దయ్యెను. కులసంఘముగాఁ గూడుకొనిన మనము దీనిని మఱువరాదు. కులమును బట్టి పిల్లవాని పూటను పంచఁజూచిన పథక మది.

2010 ఏప్రిలు 1 నుండి యమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టములో “నిర్బంధ”మనఁగా ప్రభుత్వమునకే నిర్బంధము. హాజరు చూచుట దాని విధి. పిల్లలను గొట్టుట నిషిద్ధము. 2003 నుండి మన రాష్ట్రమున మధ్యాహ్న భోజనము పెట్టుచున్నారు. 2024లో దానికి లంకలగన్నవరపు అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 2020లో అమ్మఒడి, 2025లో తల్లికి వందనము – రెంటికిని నూటికి 75 వంతుల హాజరు నియమమైనది. అఱచేతి లెక్క తల్లి ఖాతాలోనికి మాఱినది. దెబ్బకంటె నిది వేయిరెట్లు మేలు. కాని జ్వరముతోఁ బడుకొన్న పిల్లకును, తమ్ముని నెత్తుకొని యింట నిలిచిన పిల్లకును పట్టీలోఁ బడు గుర్తు ఒక్కటే.

కడియము, కడియపులంక తల్లులనేకులు ప్రొద్దుటనే మొక్కల తోటల పనికిఁ బోవుదురు. తమ్ముని అంగన్‌వాడీలో దింపువారున్నచో అక్క బడికిఁ బోఁగలదు. మన గ్రామశాఖలు ఈ యేఁడు పతకముల సొమ్ములోఁ గొంత తీసి, వరుసగా మూఁడు దినములు రాని పిల్ల యింటికి ఒక మనుష్యుని బంపి కారణము వ్రాయించునట్లు మహాసభవారు తీర్మానింపఁ గోరుచున్నాము.