రెండు మగ బాతులు, ఒక పల్నాటి పంచాయితీ

ఈ ఎపిసోడ్‌లో రాజులున్నారు, యుద్ధం ఉంది, డ్యామ్ కూడా ఉంది. కానీ కథ మొదలయ్యేది మాత్రం రెండు బాతుల దగ్గర.

ముక్త్యాలలో మా అక్క కూతురు పోయిన ఏడాది తిరునాళ్లలో రెండు బాతు పిల్లల్ని కొనిపించుకుంది. పసుపు రంగువి, అరచేతిలో పట్టేంత. రెండు నెలలు దాటినా ఒక్కటీ గట్టిగా అరవదు. జలుబు చేసిన మనిషిలా బొంగురు గొంతుతో ఏదో గొణుగుతాయి. కొన్నాళ్లకు తోక మీద ఈక పైకి మెలి తిరిగింది. అప్పుడు తేలింది, రెండూ మగవే. బాతుల్లో గట్టిగా అరిచేది ఆడది. మగదానికి గొంతు చిన్నది, తోక మీద ఉంగరం తిరిగిన ఈక ఉంటుంది.

మా నాయనమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది. "రెండు పుంజులు ఒక గంప కింద ఇముడుతాయంట్రా? పొడుచుకుని చస్తాయి. సంక్రాంతికి ఒకదాన్ని కోసెయ్యండి." పాప ఆ రాత్రి అన్నం తినలేదు. నాకు వీడియో కాల్ చేసి, "మావయ్యా, నువ్వు చెప్పు, నాయనమ్మ నీ మాట వింటది" అంది.

నిజానికి ఆవిడ ఎవరి మాటా వినదు. కానీ నాకో డౌట్ వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ బాతుల్ని పెంచలేదు కదా, మరి ఆవిడకి అంత నమ్మకం ఎక్కడిది? పుంజుల నుంచి. ఆ పుంజుల కథ మా ఊరి రేవు నుంచి చూస్తే కనపడేంత దగ్గర్లోనే ఉంది.

ముక్త్యాల కృష్ణ ఒడ్డున ఉంటుంది. అవతలి గట్టు ఇప్పటి పల్నాడు జిల్లా. 12వ శతాబ్దంలో అక్కడ తండ్రి ఒకడే, తల్లులు వేరైన ఇద్దరు అన్నదమ్ములు రాజ్యం పంచుకున్నారు. గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు. ఇటు మంత్రి నాయకురాలు నాగమ్మ, అటు బ్రహ్మనాయుడు. తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. కోడిపందెం కట్టారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవాలి. మలిదేవుడి పక్షం ఓడింది. గడువు తీరాక రాజ్యం తిరిగి ఇవ్వలేదు, రాయబారానికి వెళ్లిన అలరాజు చచ్చిపోయాడు, చివరికి కారంపూడిలో యుద్ధం. ఈ కథని 15వ శతాబ్దంలో శ్రీనాథుడు కావ్యంగా రాశాడని చెబుతారు. అంతకంటే ముఖ్యంగా, వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. ఇప్పటికీ కార్తీకంలో కారంపూడిలో ఐదు రోజుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. అంటే కోడిపోరుకి ప్రత్యేకంగా ఒక రోజే ఉంది.

ఇంత గట్టిగా మనసులో నాటుకున్న కథ కాబట్టి, మన దగ్గర 'రెండు మగ పక్షులు' అనగానే కళ్ల ముందుకి బరి వచ్చేస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. పందెం పుంజుని ఎలా పెంచుతారు? ఒక్కోదాన్ని విడిగా, కాలికి తాడు కట్టి, వేరే పుంజు దగ్గరికి పోకుండా. బాగా పోట్లాడేదాని పిల్లల్నే మళ్లీ పందేనికి తయారుచేస్తారు. ఇలా ఎన్ని తరాలో. అడవికోడికి తన చోటునీ పెట్టల్నీ కాపాడుకునే గుణం పుట్టుకతోనే ఉంది, అది నిజం. దాన్ని కత్తి కట్టేదాకా పెంచింది మాత్రం మనమే. 1960 జంతుహింస నిరోధక చట్టం వద్దన్నా, 1974 రాష్ట్ర గేమింగ్ చట్టం వద్దన్నా, సంక్రాంతికి ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బాతు సంగతి. మనం పెంచే బాతుల్లో మస్కోవీ తప్ప దాదాపు అన్నిటికీ మూలం మల్లార్డ్ అనే అడవి బాతు. దాని సంవత్సరం వేరేలా నడుస్తుంది. చలికాలానికల్లా జత కడుతుంది. జత కోసం మగవి పోట్లాడతాయి కూడా. ఆడది గుడ్ల మీద కూర్చున్నాక మగది వెళ్లిపోతుంది. వెళ్లి మిగతా మగవాటితో కలుస్తుంది. ఎండాకాలంలో అవన్నీ ఒకేసారి రెక్కల ఈకలు రాల్చుకుంటాయి, మూడు నాలుగు వారాలు ఎగరలేవు. ఆ టైమ్‌లో రెల్లులో, నీటి మొక్కల చాటున గుంపుగా తలదాచుకుంటాయి. అంటే మగ బాతులు మగ బాతులతో కలిసి బతకడం వాటికి కొత్తేం కాదు, ఏటా చేసే పనే.

మరి ఈ విషయం మా నాయనమ్మకి ఎందుకు తెలీదు? నా లెక్క ఇది. బాతుకి నీళ్లు కావాలి, కోసిన వరి మడి కావాలి. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని కింద డెల్టా అంతా వరి పండింది. కోతలయ్యాక మడి నుంచి మడికి మందలు మళ్లించే బాతులవాళ్లు ఆ వైపు మామూలే. మాది మెట్ట. నందికొండ దగ్గర డ్యామ్ కావాలని మా ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు పట్టుపట్టి తిరిగారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు. అంటే కాలవ నీళ్ల విషయంలో డెల్టాకీ మాకూ వందేళ్లకి పైగా తేడా. మా నాయనమ్మ చిన్నప్పుడు ఇంట్లో కోళ్లున్నాయి, బాతుల్లేవు. తెలిసిన లెక్కతో తెలియనిదాన్ని కొలిచింది, అంతే.

డెల్టాలో కూడా మగ బాతు బతుకేం గొప్పది కాదు. మంద గుడ్ల కోసం. ఆరేడు ఆడవాటికి ఒక మగది చాలు. మిగిలినవి కూరకే. అందుకే 'మగవాటిని ఊరికే కలిపి పెంచడం' అనే ఆలోచన మన దగ్గర ఎవరికీ అవసరం పడలేదు.

ఇదంతా పాపకి చెప్పాను. రెండూ బతికాయి. కానీ కథ అక్కడితో అయిపోలేదండోయ్. మాఘంలో పక్కింటివాళ్లు ఒక ఆడ బాతుని తెచ్చారు. అది గోడ దూకి మా పెరట్లోకి వచ్చింది. అంతే, మూడు రోజులు యుద్ధం. ఒకటి రెండోదాని మెడ పట్టుకుని తొట్టిలో ముంచేస్తోంది. నాయనమ్మ "నేను చెప్పలా?" అంది. మా బావ గోడ మీద వల కట్టి, రెండిటినీ కొన్నాళ్లు విడదీసి, మధ్యలో జాలీ పెట్టి ఒకదానికొకటి కనపడేలా ఉంచాడు. వారానికి సర్దుకున్నాయి.

కాబట్టి మీ దగ్గరా ఇలా రెండో మూడో మగ బాతులుంటే, ఇవి గుర్తుపెట్టుకోండి. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగితే మంచిది. మధ్యలో ఒక్క ఆడ బాతుని తెచ్చి పెట్టొద్దు, పోట్లాట ఒకటి, ఆ ఆడదాని ప్రాణానికి ప్రమాదం ఇంకొకటి. కోడిపెట్టలతో అసలు కలపొద్దు, మగ బాతు వాటిని గాయపరుస్తుంది. చోటు ఎక్కువ ఉండాలి, తల మునిగేంత నీళ్లుండాలి. వేసవి ముందు కాస్త తోసుకోవడం, తరుముకోవడం మామూలే. రక్తం కనపడితే విడదీయాలి. ఇంకో మాట, 'పాపం' అని తీసుకెళ్లి కృష్ణలో వదలకండి. పెంపుడు బాతు బరువుకి సరిగ్గా ఎగరలేదు, ఊరకుక్కలకి దొరికిపోతుంది.

మొన్న ఊరెళ్లాను. పొద్దున్నే నాయనమ్మ నూకలు నానబెడుతోంది. ఎవరికని అడిగాను. "ఆ ఇద్దరు వెధవలకే" అంది. రెండూ ఆవిడ కాళ్ల దగ్గర, ఒకదాని వెనక ఒకటి, గొణుక్కుంటూ నిలబడ్డాయి. సంక్రాంతి మాట నేనూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్దాం. ఉంటానండి.